తెర మీది మనిషికి బెయిల్

ముందే చెబుతున్నాను, నా చేతిలో పడితే ఆవగింజ కూడా గుమ్మడికాయ అవుతుంది. లండన్ కోర్టుల్లో ఇరవై ఏళ్లుగా తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని. అంటే ఇరువైపుల మాటల్నీ ఉన్నదున్నట్టు దాటించేవాణ్ణి. పనిలో ఒక్క అక్షరం పెంచకూడదు. ఆ కరువంతా ఇక్కడ తీర్చుకుంటాను.

కిందటేడు చలికాలం. లండన్ శివారు హేస్‌లోని నా ఫ్లాట్ నుంచి కోర్టుకు చేరేసరికి నా మీసం గడ్డకట్టి, ముట్టుకుంటే విరిగేలా ఉంది. ఆ రోజు శ్రీకాంత్ అనే కరీంనగర్ కుర్రాడి బెయిల్ హియరింగ్. చదివే కాలేజీకి విదేశీ విద్యార్థుల్ని చేర్చుకునే లైసెన్సు పోవడంతో అతని వీసా కూడా పోయి, అతన్ని డిటెన్షన్ సెంటర్‌లో బంధించారు. భార్య లావణ్య బర్మింగ్‌హామ్ నుంచి మొదటి రైలెక్కి, టిఫిన్ డబ్బాతో వచ్చింది. అందులోని పులిహోర ఘుమఘుమలకు సెక్యూరిటీ మెషిన్ కూడా రెండుసార్లు లొట్టలేసింది.

"అంకుల్, ఈ డబ్బ ఆయనకియ్యనిస్తరా?" అని అడిగింది.

మనిషి రాడమ్మా, వీడియో లింకులో కనిపిస్తాడంతే అన్నాను. డబ్బాను ఒళ్లోకి పొదువుకుంది.

గోడంత తెర మీద శ్రీకాంత్ ముఖం వెలిగింది. వాళ్ల లాయరు లేచి ఏకంగా మాగ్నా కార్టా దగ్గర మొదలుపెట్టింది. ఎనిమిది వందల ఏళ్ల కిందట ప్రభువులు రాజు మెడలు వంచి ముద్ర వేయించిన పత్రమది. చట్టం ఒప్పుకోకుండా మనిషిని బంధించకూడదంటుంది. బంధించినవాణ్ణి తెచ్చి జడ్జి కళ్లముందు నిలబెట్టాలన్న ఆనవాయితీ కూడా ఆ పాతకాలపు కోర్టుల్లోనే పుట్టిందట. శ్రీకాంత్ కోసం అదంతా తెలుగులో చెబుతున్నాను. కళ్లముందు నిలబెట్టాలి అనగానే, వెనక వరసలోంచి లావణ్య తెరవైపు వంగి అడిగేసింది.

"తిన్నవా?"

గదంతా బిగుసుకుంది. చూడవచ్చినవాళ్లు అక్కడ నోరు విప్పకూడదు. నేనా, ప్రమాణం చేసినవాణ్ణి. చెవిన పడ్డది దాటించాల్సిందే. తిన్నావా అని భర్తను అడుగుతోందని ఇంగ్లీషులో చెప్పాను. జడ్జి కళ్లద్దాలు తీసి, అతన్ని జవాబు చెప్పనివ్వండి అన్నారు.

"తినలే, లావణ్యా. నువ్వు తిన్నవా?"

అదీ దాటించాను. ఒక్క అక్షరం పెంచలేదు.

బెయిల్ వచ్చింది. పులిహోర వల్ల కాదు. అతన్ని ఇంకా బంధించి ఉంచడానికి ప్రభుత్వం తరఫువాళ్లు సరైన కారణం చూపలేకపోయారు. మర్నాడు డిటెన్షన్ సెంటర్ గేటు దగ్గర లావణ్య కొత్తగా కలిపి తెచ్చిన పులిహోర డబ్బా మూత తీసింది. నెత్తిమీద విమానాలు పోతుంటే, ఇద్దరూ నిలబడే తిన్నారు.

హక్కులంటే పెద్ద పెద్ద మాటలనుకునేవాణ్ణి. మనిషి కళ్లముందుంటే తిన్నావా అని అడగనక్కర్లేదు, ముఖం చూస్తే తెలుస్తుంది. ఆనాటి ప్రభువులు రాజుతో కొట్లాడింది కూడా మనిషిని అలా కళ్లముందు చూడ్డానికేనేమో.

ఇక నేను కల్పించిన భాగం: ఆ గేటు దగ్గరి భోజనం. హియరింగ్ కాగానే ఇంటర్‌ప్రెటర్ తన దారిన పోవాలి. వాళ్లెక్కడ కలిశారో, ఏం తిన్నారో నాకు తెలియదు. హేస్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ మూత నేనే తీయించాను.