నాలుగో జ్వరం

మతిమరుపు ముదిరి, మా నాన్న నన్నే "ఎవురప్పా నువ్వు?" అని అడిగే రోజులవి. డెబ్బైల చివర్లో కుప్పం దగ్గరి పల్లెలో పట్టుపురుగులు పెంచేవాళ్లం. ఒక పొద్దున ఆయన కనిపించలేదు.

బావులు, మల్బరీ తోటలు, వెంకటగిరికోట రోడ్డు, అన్నీ కాళ్లరిగేలా తిరిగాం. కూర్చుంటే భయం, నిలబడితే భయం. మర్నాటికి నా అనుమానమంతా పక్కింటాయన పురుగుల షెడ్డు మీద పడింది. నాన్న రోజూ అటే నడిచేవాడు. దానికేమో తాళం.

పురుగు పొర విడవడాన్ని మా వైపు జ్వరం అంటారు. అప్పుడది ఆకు ముట్టదు, కదలదు. ఆ రోజున్నరా షెడ్డు మూసేసి, దగ్గర్లో గట్టిగా మాట్లాడను కూడా మాట్లాడం. అది నాలుగో జ్వరం, ఆఖరిది. ఊరంతా గుడ్లు ఒకేసారి తెచ్చాం కాబట్టి అందరి షెడ్లూ మూతే.

"అన్నా, ఒక్కసారి తెరువు. సూసి వచ్చేస్తా."

"పురుగు జ్వరంలో ఉండాది. నీకు తెలీదా? నేనే పోలా లోపలికి. పంట పోతే నా పిల్లోళ్లకు నువ్వు పెడతావా?"

పోలీస్ స్టేషన్‌కు పరిగెత్తాను. అక్కడి రైటరు టీ ఊదుకుంటూ, "ఇంకొకరి బీగం ఊరికే పగలగొట్టేకి కాదప్పా. కోర్టు కాగితం కావాల. అనుమానమని ఆయన మింద రాసిస్తావా?" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. మీ నాయన కనపడకుండా పోయుంటే ఇట్లే టీ తాగుతాంటివా అని అరిచి వచ్చేశాను.

ఇంక గడ్డపార పట్టుకుని ఆ షెడ్డు మీదికే పోయాను. పక్కింటాయన భార్య అడ్డం వచ్చింది. "యాల పగలగొడతావప్పా? నేనే తీస్తా, సూసుకో" అని తాళం తీసింది. లోపల పురుగుల తట్టలు తప్ప ఏమీ లేవు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మెల్లగా అడిగింది, "మీ షెడ్డు సూస్తిరా?"

చూడలేదు. నిన్న పొద్దున తాళం వేసింది నేనే. ఎవరడిగినా నేనూ తెరిచేవాణ్ణి కాదు.

పరిగెత్తి తలుపు తీశాను. తట్టల వెనక గోడకు ఆనుకుని కూర్చునున్నాడు. పెదాలు ఎండి పగిలిపోయాయి. నీళ్లు తాపించి, "యాల అరవలేదు నాయనా? తలుపన్నా కొట్టకూడదా?" అని ఏడ్చేశాను.

ఆయన నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"మెల్లగా మాట్లాడప్పా, నువ్వెవురో గానీ. పురుగు జ్వరంలో ఉండాది. పంట పోతే మావోడు తట్టుకోలేడు."