తబీగు అంటే ఏంటండీ?

కాగితం మీద సంతకం పెట్టమంటే పాపాయమ్మకి ఎక్కడలేని అనుమానం పుట్టుకొస్తుంది. ఇరవై ఏళ్ళ కిందట ఊళ్ళో ఎవరో కంటి శిబిరం పెట్టి, పాపాయమ్మ తల్లి చేత వేలిముద్ర వేయించుకుని ఆపరేషన్ చేశారు. కన్ను పోయింది. అడగబోతే, ఏం జరిగినా మాకు సంబంధం లేదని అందులోనే రాసుందన్నారు. ఆ ఏడే పాపాయమ్మ చదువు మొదలెట్టింది. ముప్పై అయిదేళ్ళ వయసులో, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో జీవరాజు మాస్టారి ముందు కూర్చుని అక్షరాలు దిద్దింది. రావులపాలెం అరటి మార్కెట్లో గెలలకి ఆకు చుట్టే మనిషే గానీ, ఇప్పుడు ఏ కాగితమిచ్చినా కూడబలుక్కుంటూ ఆఖరి ముక్క దాకా చదివితే గాని వదలదు.

అలాంటిదాని చేతిలో రాజమండ్రి థెరపీ సెంటర్ వాళ్ళు ఆరు పేజీల కాగితం పెట్టారు.

మనవరాలు వినీల కోసం. పిల్లకి అయిదేళ్ళు. చెవులు బాగానే వినిపిస్తాయి, చెప్పిందల్లా అర్థమవుతుంది, మాట మాత్రం నోట్లో కుదరదు. ‘పలక’ అనబోతే ఒకసారి ‘కపా’ అంటుంది, ఇంకోసారి ‘పాకా’ అంటుంది, మూడోసారి ఏదీ రాక పలకనే విసిరికొడుతుంది. నాలుక మందమన్నారు కొందరు. సెంటర్లో సాయిసుధ అనే స్పీచ్ థెరపిస్టు చూసి, నాలుకలో ఏ లోపమూ లేదంది. ఏ శబ్దం తర్వాత ఏ శబ్దం పలకాలో మెదడు నోటికి సరిగా పురమాయించలేకపోతోందట. ఇలాంటి పిల్లల కోసం రెండు పద్ధతుల్ని పరీక్షిస్తున్నాం, ఇష్టమైతే చేరండి అంది.

“పరీక్షంటే మా పిల్ల మీదా అండీ?”

“పిల్ల మీద కాదండీ, పద్ధతి మీద. రెండింట్లో ఏది ఎక్కువ పనిచేస్తుందో ఇంకా మాకూ తెలీదు.”

తెలియనిది మా పిల్లతో తెలుసుకుంటారన్నమాట, అనుకుంది పాపాయమ్మ. మూడు రోజులు చదివింది. ఏ పిల్లకి ఏ పద్ధతో కంప్యూటరే చీటీ తీసినట్టు తీస్తుందన్న చోట వేలు పెట్టి కూతురికి చూపించింది. కృపారాణి తణుకులో బట్టల షాపులో పనిచేస్తుంది.

“ప్రతిదానికీ నువ్విలా అనుమానిస్తే పిల్ల ఇలాగే ఉండిపోద్దమ్మా,” అని సంతకం పెట్టేసింది.

వారానికి నాలుగు రోజుల చొప్పున మూడు వారాలు. తీసుకెళ్ళే పని అమ్మమ్మదే. మొదటిరోజు వేరే ఆవిడొచ్చి పిల్ల చేత మాటలు పలికించి మార్కులు వేసుకుంది. “పాప ఏ పద్ధతి గుంపులో పడినా నాకు మాత్రం చెప్పకండి,” అందావిడ. చెప్తే ఏమవుద్ది? ఎవరి దగ్గర ఎవరు దాస్తున్నట్టు?

అసలు బాధ మర్నాడు మొదలైంది. గదికీ వరండాకీ మధ్య ఉన్న గాజు అద్దం ఇవతల కూర్చున్న పాపాయమ్మకి లోపలి మాటలు వినపడుతున్నాయి. “తబీగు,” అంది సాయిసుధ. “తబీదు,” అంది పిల్ల. “కిదాబో.” “గూతపీ.” అమ్మ లేదు, నాన్న లేదు, అన్నం లేదు. ఇవేం మాటలు? తెలుగా, ఇంగ్లీషా, మంత్రాలా? పక్కగదిలో, కారులో వచ్చే షావుకారు గారి పాపకి మాత్రం బొమ్మలు చూపించి చిలక, పడవ, గొడుగు అని శుభ్రంగా చెప్పిస్తున్నారు. పైగా వినీల బాగా పలికినా సాయిసుధ చాలాసార్లు మెచ్చుకోవడం లేదు, తప్పంటే తప్పనడం లేదు. ముఖం కదపకుండా ఇంకో కార్డు తీస్తోంది. పిల్ల అటూ ఇటూ చూసి ఏడుపుమొహం పెడుతోంది.

రెండో వారం, మాస్టారికి వినిపిద్దామని పాపాయమ్మ తన ఫోనులో రికార్డింగ్ పెట్టి వినీల సంచిలో దాచింది. “ఎవరికీ చెప్పకే,” అంది. చెప్పగలిగితే కదా, అని లోపల అనుకుంది కూడా.

జీవరాజు మాస్టారు చెవి దగ్గర పెట్టుకుని మొత్తం విన్నారు. “మంత్రాలైతే కావు పాపాయమ్మా. కానీ ఏమిటో నాకూ అంతుపట్టలేదు. ఆవిణ్ణే అడగరాదూ?”

అడిగితే నిజం చెప్తారా?

అడిగే పని పడకుండానే బయటపడింది. మూడో వారం మొదట్లో, లోపలికెళ్ళగానే వినీల సాయిసుధ చెయ్యి పట్టుకుని, ఒక్కో ముక్కా పేర్చుకుంటూ అంది: “అమ్మమ్మ... పోన్లో... నీ మాట పట్టింది.”

సాయిసుధకి ముక్కముక్కా అర్థమైంది. అద్దం ఇవతల పాపాయమ్మకీ అర్థమైంది. తల కొట్టేసినట్టయింది. వెంటనే ఇంకోటి తట్టి కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. పిల్ల చాడీ చెప్పింది. బయటి మనిషికి, తెలిసేట్టు!

“అడిగితే నేనే ఇచ్చేదాన్ని కదండీ,” అంది సాయిసుధ గుమ్మంలోకి వచ్చి. కోపంగా లేదు గానీ నొచ్చుకున్నట్టే ఉంది.

“అడిగితే ఏం చెప్తారో అని భయమండీ. తబీగు అంటే ఏంటండీ?”

“ఏమీ కాదండీ, అర్థం లేని ఉత్త శబ్దాలు. పక్కగదిలో బొమ్మలతో చెప్పించేది రెండో పద్ధతి, మీ పాపకి కంప్యూటర్ చీటీలో ఇది వచ్చింది. పలక అన్న మాట పాప నోటికి తప్పుగా అలవాటు పడిపోయింది. తబీగుకి పాత అలవాటంటూ లేదు. ఒక శబ్దం నించి ఇంకో శబ్దానికి నోరు జారకుండా నడవడం దానిమీద నేర్పుతున్నాం. వెంటవెంటనే బాగుందనేస్తే నా మొహం చూసి పలుకుతుంది. ఊరుకుంటే తన మాట తనే వినుకుంటుంది.”

సెంటర్లో తను తీసిన మొదటిరోజు రికార్డింగూ, మొన్నటిదీ పక్కపక్కన వినిపించింది. తేడా ఉంది. పాపాయమ్మ కాదనలేదు. అయినా ఊరుకోలేదు.

“ఈలోపు పిల్ల ఎదిగింది కదండీ. ఎదిగినందుకే వచ్చిందేమో? మీ వల్లేనని ఏంటి నమ్మకం?”

సాయిసుధ రికార్డింగ్ ఆపింది. “లేదండీ. ఒక్క పాపని చూసి నేనూ నమ్మను. అందుకే ఇంతమంది పిల్లల్ని చూడటం, మార్కులు వేసే ఆవిడకి గుంపు తెలియనివ్వకపోవడం.”

కాగితం పట్టుకొచ్చినవాళ్ళలో ఇంతవరకూ ఎవరూ తనతో ‘నమ్మను’ అనలేదు. అందరూ నమ్మమన్నవాళ్ళే. పాపాయమ్మ సంచి సర్దుకుని కూర్చుంది. ఆ తర్వాత మళ్ళీ పిల్ల సంచిలో ఫోను పెట్టలేదు.

మూడు వారాలయ్యాక పెట్టిన పరీక్షలో వినీల సగం పైగా మాటలు సరిగ్గా పలికింది. నెల తర్వాత చూస్తే కొన్ని నిలిచాయి, కొన్ని జారిపోయాయి. ‘పుస్తకం’ ఇప్పటికీ ‘పుత్తకం’. ఏ పద్ధతి మెరుగో తేలడానికి ఇంకో ఏడాది పడుతుందట. పరిశోధన ముగిసినా వినీల వారానికి రెండుసార్లు సెంటరుకి వెళ్తూనే ఉంది.

నెల తర్వాత పెట్టిన ఆ ఆఖరి పరీక్ష నాడు సాయిసుధ, పాప వీడియో కొత్తగా నేర్చుకునే థెరపిస్టులకి చూపించుకోవచ్చా అని అడిగింది. కృపారాణి ఫోనులోనే సరేనంది. పాపాయమ్మ ముందు తనకి చూపించమంది. మొత్తం చూసింది. పిల్ల ఏడుపుమొహం పెట్టిన చోట ఆపించి, “ఇది తీసెయ్యండమ్మా,” అంది.

“తీసేస్తానండీ, సాయంత్రం కూర్చుని...”

“పర్లేదండీ, ఉంటాను,” అని పాపాయమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. బస్సు పోతే ఇంకోటి వస్తుంది. ఆ ముక్క తెర మీదనించి పోయేదాకా, పోయాక మళ్ళీ ఒకసారి వేయించుకు చూసేదాకా, కళ్ళజోడు తియ్యలేదు.