కిటికీ పక్క సీటు

మాది తెనాలిలో దుకాణాల కుటుంబం. అడగ్గానే ఎవరైనా ఒప్పుకుంటే, ఇంకొంచెం అడగాల్సిందని బాధపడే రకం నేను.

హోసూరు దాకా రైలు, అక్కణ్ణుంచి కృష్ణగిరి మామిడితోటల మీదుగా బస్సు, గైడుతో ఒక రోజు యాత్ర. బస్సులో కిటికీ పక్క సీటు హోసూరు దగ్గరి బేరిగై ఊరి పెద్దాయనది. వాంతులవుతాయని అబద్ధమాడాను. ఇంకో రెండు అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి గానీ ఆయన వెంటనే లేచాడు.

"ఈడ కూసోప్పా. మా సీమ చూసేకి వచ్చినావు."

సీటు దక్కిన సంతోషంతో తెర వేసుకుని నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి బస్సు ఒక రిసార్టు తోటలోంచి బయటికొచ్చింది. ఆయన మెడ సాచి వెనక్కి చూస్తున్నాడు.

"ఏం చూస్తున్నారు?"

"అది మేము అమ్మిన చేను. ఈ కిటికీలోనుంచే కనపడాల నా పెండ్లాం సమాధి. ఉండాదో, తీసేసినారో. గేటులోకి నన్ను ఇడువరు, అందుకే టికెట్ తీసుకొని వచ్చినా."

గైడు దగ్గరికి పరుగెత్తాను. ఎంత బతిమాలినా వెనక్కి తిప్పలేదు, తిరుగు ప్రయాణం హైవే మీదనేనట.

"నన్ను లేపాల్సింది కదండీ," అన్నాను, తప్పు ఆయనదే అయినట్టు.

"లేపుదామనే అనుకుంటి. మంచి నిద్రలో ఉంటివప్పా."