నీలం పెదవులు

నేను బడిని ఇడిసిపెట్టలే, బడే నన్ను ఇడిసిపెట్టింది. నువ్వు రాకుంటేనే మిగిలినోళ్లు చదువుకుంటరురా అన్నడు సారు. నేను బుద్ధిగ విన్నది గదొక్క మాటే. అప్పటిసంది పాలకుర్తిల ఆటో నడుపుతున్న. పదిమందిని ఎక్కించినా గుంజుతది నా బండి. ఏండ్లసంది నా లోపట ఉన్న ఒక్క పసిపిల్ల బరువునే నేను గుంజలేకపోతున్న. మీరెవరో నాకు తెల్వదు. అందుకే మీకు చెప్తున్న.

మా అక్క జనగామ దవాఖానల ఆడపిల్లను కన్నది. బావ బొంబాయిల పనికి పోయిండు, మొగదిక్కు నేనే. ఇంటికి పంపేనాడు నర్సమ్మ నన్ను పక్కకు పిలిచింది. పిల్ల పెదవులు నీలంగున్నయ్, ఊపిరి జల్ది తీస్తుంది, గుండె నరాల్ల ఏదో తేడా ఉన్నట్టుంది, ఇటునుంచి ఇటే వరంగల్ పెద్ద డాక్టరుకు చూపియ్యిండ్రి అన్నది. సరే అన్న.

బయటికొస్తే అమ్మ, ఏమన్నదిరా అని అడిగింది. అక్క మొకం భయంతోని పాలిపోయింది. నా నోరు దానంతటదే తిరిగింది.

"ఏం లేదమ్మా. కిష్టయ్య తొవ్వ తప్పి ఆడపిల్లయి పుట్టిండట. గందుకే గా రంగు."

అక్క కుట్లు పట్టుకొని నవ్వింది. గంత నవ్వినంక అసలు మాట ఎట్ల చెప్పాలె? బాలింతకు తానం పోసే పురుడు పండుగైనంక చెప్దామనుకున్న. పురుడు దాక బాలింత గడప దాటొద్దని అమ్మ పట్టు ఉండనే ఉండె. గా ఆచారం చాటుకు దాక్కున్న. అక్క భయపడతదనేనా? లేకుంటే, నవ్విచ్చేటోడన్న పేరు పోతదనా? గదే ఇప్పటికీ తెల్వదు. చుట్టపోళ్లు వచ్చి కిష్టమ్మా, కిష్టమ్మా అని ఎత్తుకొని ముద్దు చేస్తుంటే, గా పెదవుల దిక్కు చూడకుంట తిరిగిన.

పురుడుకు ముందునాడు పిల్ల పాలు తాగుడు బంద్ చేసింది. నా ఆటోలనే వరంగల్ ఉరికినం. స్కానింగ్ చేసి డాక్టరు చెప్పిండు. ఊపిరితిత్తుల నుంచి గుండెకు మంచి రక్తం తెచ్చే నరాలు పుట్టుకతోనే తప్పు దిక్కు అతుక్కున్నయట. శాన తక్కువమందికి అయితదట. ముందుగాల్నే తెస్తే ఆపరేషన్ చేసి చూస్తుంటిమి అన్నడు. పొద్దుగూకేదాక గూడ పిల్ల ఉండలే.

గిది ఎవలకు తెల్సు సారూ అని అమ్మ ఏడ్చింది.

నాకు తెల్సు. నోరు తెరవలే.

మొన్న అక్కను నర్మెట్టల అత్తగారింటికాడ దించేటప్పుడు అంత చెప్పేసిన. చెప్తుంటే, సిగ్గు లేకుంట, నా రొమ్ము తేలికైంది. అక్క ఏడ్వలే, తిట్టలే. సంచి తీస్కొని దిగింది.

"నువ్వు బరువు దించుకున్నవ్ తమ్మీ. గా దినం కుట్లు పట్టుకొని నవ్వింది నేను. నేనేడ దించుకోవాలె?"