ఎర్రకోటు పాప కింద నా పేరు

ఒక బొమ్మ కింద ఉన్న నా పేరును ఎనిమిదేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేదు కాబట్టి మీకు చెబుతున్నాను.

అప్పుడు మేము ఒమన్ రాజధాని మస్కట్‌లో, వాడి కబీర్ అనే పేటలో ఉండేవాళ్లం. నాకు పదమూడేళ్లు. మా పై అంతస్తులో, నేను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఆమె ఉండేది. కడప నుంచి వచ్చి ఒక అమెరికన్ కుటుంబానికి వంట చేసేది. వాళ్లు దేశం వదిలి వెళ్తూ, అక్కడ అందరూ చేసినట్టే, సామానంతా పనివాళ్లకు పంచారు. ఖాలాకు గిన్నెలతోపాటు ఒక పెద్ద పుస్తకం వచ్చింది. నిండా పాతకాలపు అమెరికా పత్రికల క్రిస్మస్ ముఖచిత్రాలు. అందులో ఒక పాప అచ్చం కడపలో ఉన్న ఖాలా కూతురు షాహీనా చిన్నప్పటి ఫోటోలా ఉంటుందని మేడమ్ చెప్పిందట. ఖాలాకు కొత్త ఇంట్లో డ్యూటీతోనే సరిపోయేది. ఆ పాపను వెతికి పెట్టమని పుస్తకం నాకిచ్చింది.

వెతికాను. దొరికింది. ఎర్రకోటు పాప, మునివేళ్ల మీద లేచి, గడ్డం పైకెత్తి, పోస్టుడబ్బాలో ఉత్తరం వేస్తోంది. చుట్టూ మంచు. ఆ చిత్రకారుడు మంచుకు రంగే వేయలేదు. కాగితాన్ని అలాగే వదిలి, అంచున కాస్త నీలినీడ పెట్టాడంతే. ఎంతసేపు చూశానో.

ఆ వారమే బడిలో గ్రీటింగ్ కార్డుల పోటీ. పేజీని కిటికీ అద్దానికి ఆనించి, పైన తెల్లకాగితం పెట్టి, గీతగీతా దించాను. మూలన ఆయన సంతకం ఉన్నచోట నా పేరు రాశాను. మొదటి బహుమతి వచ్చింది. మంచే చూడని పిల్ల మంచును ఇంత బాగా గీసిందని టీచర్ మెచ్చుకుంది. అప్పుడు భయం పట్టుకుంది. పుస్తకం ఎవరైనా తెరిస్తే? బ్లేడుతో ఆ పేజీ కోసేశాను.

ఖాలా పుస్తకం కోసం వచ్చింది. నా కార్డు గోడ మీద ఉంది.

"పాప దొరికినాదా బేటీ?"

"లేదు ఖాలా."

ఆమె పేజీలు తిప్పుతూ కోసిన అంచు దగ్గర ఆగింది. బయటి నుంచి వచ్చే పుస్తకాల్లో ఒళ్లు కనబడే బొమ్మలుంటే అక్కడి కస్టమ్స్ వాళ్లు కోసేస్తారని అందరూ అనేవాళ్లు. "ఇదో, కస్టమ్స్ వాళ్లు కోసినారు. కాళ్లు కనబడే దొరసానిని ఇడిచిపెట్టి పసిబిడ్డను కోసినారు చూడు, తెలివిగల్లోళ్లు," అని నవ్వింది. పుస్తకం దేశంలోకి వచ్చాక మేడమ్ చూసిన బొమ్మను కస్టమ్స్ వాళ్లు ఎప్పుడు కోస్తారు? ఆ ఆలోచన ఆమెకు రాలేదు. నేను గుర్తు చేయలేదు.

తలెత్తి గోడ చూసింది. నవ్వు ఆగింది. "ఇది యాడిది? మా షాహీనా ఇట్లే గడ్డం ఎత్తుతాది."

"నేనే గీశాను ఖాలా."

"నా బిడ్డను సూడకుండానే గీసినావా? నాకిస్తావా?"

ఇచ్చాను. ఆమె నా రెండు చేతులూ ముద్దుపెట్టుకుని కళ్లకద్దుకుంది.

మరుసటి ఏడాది ఖాలా కడప వెళ్లిపోయింది. పోతూ పుస్తకం నాకే ఇచ్చింది. బొమ్మను ఎలా చూడాలో, గీయకుండా వదిలేది కూడా గీతేనని, దాని నుంచే నేర్చుకున్నాను. ఇవాళ నేను పెన్సిల్ పట్టుకోగలుగుతున్నానంటే ఆమె దయ. నేను పేరు చెరిపేసిన ఆ చిత్రకారుడి దయ కూడా. కృతజ్ఞత ఇంత ఉండి నిజం ఎందుకు చెప్పలేకపోయాను? ఆమెకు బాధ కలుగుతుందనా, ఆ రెండు చేతుల మీది ముద్దు వెనక్కి పోతుందనా? రెండోదే అనుకుంటాను.

షాహీనాకు పోయిన నెల పెళ్లయింది. ఆ కార్డు అత్తవారింటికి తీసుకెళ్లిందని ఖాలా ఉత్తరం రాయించింది. మళ్లీ థాంక్స్ చెప్పింది.

జవాబు ఇంకా రాయలేదు. క్షమిస్తుందో లేదో తెలియదు, అడిగే హక్కు ఉందనీ అనుకోను. కానీ మొదటి వాక్యం ఏమిటో ఇప్పుడు తెలిసింది, ముందు మీ దగ్గర రాస్తున్నాను: ఖాలా, ఆ పేజీ కోసింది నేను.