ఇత్తడి బోల్టు, వంజరం చేప

ఇసుకలో లోహం వెతికే మిషను నాకు గూడూరులో దొరికింది. అభ్రకం వ్యాపారం మానేసిన ఒకాయన అమ్మకానికి పెట్టాడు. ఆయన చెప్పిన ధరకు నేను నవ్వాను, నేను చెప్పిన ధరకు ఆయన లేచి నిలబడ్డాడు. సాయంత్రానికి మధ్యలో ఎక్కడో కలుసుకున్నాం. పైగా ఒక చిన్న పార కొసరు వేయించుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే మిషనుకు బ్యాటరీ మూత లేదు. ఇప్పటికీ రబ్బరు బ్యాండుతో కట్టుకుంటున్నాను. నెల్లూరులో స్టీలు సామాన్ల అంగట్లో పెరిగినవాడి తెలివి అంతవరకే.

అంగడి తమ్ముడి చేతిలో పెట్టాక, పొద్దున పూట ఏమీ తోచక మైపాడు వైపు సముద్రం ఒడ్డుకు పోవడం మొదలుపెట్టాను. పాత నాణేలు దొరుకుతాయని ఆశ. తుఫాను తర్వాత కెరటాలు ఒడ్డును కోసినప్పుడు రాగి నాణేలు ఒకటీ అరా దొరికిన మాట నిజమే. ఎవరి బొమ్మో, ఏ కాలానివో తెలియనంతగా అరిగిపోయినవి. మిగతాదంతా సోడా మూతలు, వలలకు కట్టే సీసపు గుండ్లు, అన్నిటికంటే ఎక్కువగా మాత్రల రేకులు. వంగడం, తవ్వడం, రేకు. మళ్ళీ వంగడం. చివరికి మిషనుకు ఒక మీట ఉందని తెలిసింది. దాన్ని తిప్పితే పలుచని రేకుల మీద మిషను నోరు మెదపదు. ఆ మీట తిప్పేశాను, మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు. ఈ వయసులో మోకాళ్ళ మాటే చెల్లుతుంది.

ఒకరోజు పొద్దున, ఒడ్డున చేపలు ఆరబోసుకుంటున్న ఒకామె నా దగ్గరికి వచ్చింది. కొంగు మెడ చుట్టూ బిగించి, ఒక చేత్తో గొంతు దగ్గర పట్టుకుని ఉంది.

“అన్నా, ఆ మిషను ఇత్తడిని గూడా కనిపెడతాదా?”

“ఏం పోయిందక్కా?” నాకంటే చాలా చిన్నదే. కానీ అంగడి నాలుక, ఎవరినైనా అక్కా అంటుంది.

“ఇంజను బోల్టు. ఇత్తడిది. ఇంతే ఉంటాది.” చిటికెన వేలి కొస చూపించింది. “చేపలు ఆరబోస్తా ఉంటే ఈ చుట్టుపక్కలే జారిపోయింది. మా ఆయన వేటకు పోయినాడు. పడవ వచ్చేలోపల దొరకాలన్నా.”

“లేకుంటే తిడతాడా?”

ఆమె సముద్రం వైపు చూసింది. తెల్లవారుజామున రావాల్సిన పడవలన్నీ వచ్చేశాయి. వీళ్ళది తప్ప.

“దొరికితే నాకేంది?” అన్నాను. సిగ్గులేని అలవాటు.

“ఏం గావాలి?”

“వంజరం.” ఒడ్డుకొచ్చే చేపల్లో బాగా ఖరీదైనది.

రోజూ చూస్తున్నదే, గుప్పెడు ఎండు చేపల బేరం దగ్గర కూడా గొంతు చించుకునే మనిషి. నవ్వుతుందని, తిడుతుందని అనుకున్నాను. “ఇస్తాలే, పెద్దదే ఇస్తా. ముందు వెతుకన్నా” అంది.

అడిగిన వెంటనే ఒప్పుకునే మనిషిని అనుమానించమని మా నాన్న గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టి నేర్పాడు. నేను అనుమానించాను కూడా. ఆ బోల్టు చాలా ఖరీదైనదేమో, ఇంకొంచెం అడగాల్సిందేమో అని!

వెతికాను. తుప్పు మేకులు, సీసపు గుండ్లు, ఒక రూపాయి బిళ్ళ. ఆమె వెనకే నడుస్తోంది, ఒక చూపు ఇసుక మీద, ఒక చూపు నీళ్ళ మీద.

“బోల్టయితే ఈపాటికి మిషను కూసేదక్కా. అది నిజంగా ఇత్తడేనా?”

“బోల్టంటే బోల్టే! నువ్వు చూడన్నా.”

సరుకు సంగతి దాచి బేరమాడేవాళ్ళను నేను చాలామందినే చూశాను. నేనూ దాచినవాణ్ణే. దాచుకోనీలే అనుకుని ముందుకు కదిలాను.

ఎండ నెత్తికెక్కింది. ఆమె దూరంగా ఏదో చూడబోయి రెండు చేతులూ కళ్ళకు అడ్డం పెట్టుకుంది. గాలికి కొంగు జారింది. మెడలో పసుపుతాడు, దానికో కొత్త ముడి. తాడుకు పుస్తె ఒక్కటే ఉంది. రెండోది ఉండాల్సిన చోట పసుపుకొమ్ము కట్టి ఉంది.

“అక్కా, పోయింది బోల్టు కాదు గదా...”

చప్పున కొంగు లాక్కుంది. “అనబాక అన్నా! ఆ మాట నోటితో అనబాక. మనిషి నీళ్ళ మీద ఉండాడు.”

ఉప్పునీళ్ళకు నాని నాని తాడు తెగింది. పడవ రాలేదు. పుస్తె పోయిందని నోటితో అంటే సముద్రం వింటుందన్నట్టుగా ఆమె బోల్టును కల్పించుకుంది. పొద్దుటి నుంచి నేను బేరం అనుకున్నది భయం.

పుస్తె అంటే పలుచని బంగారు రేకు, లోపలంతా లక్క. మిషనుకు దానికీ మాత్రల రేకుకూ తేడా తెలియదు. రేకుల మీద పలకొద్దని మీట తిప్పిపెట్టిన ఘనుణ్ణి నేనే. పొద్దుటి నుంచి దాని మీదుగా ఎన్నిసార్లు నడిచానో!

మీట వెనక్కి తిప్పాను. ఇక అడుగడుగునా మిషను గగ్గోలు. వంగడం, తవ్వడం, రేకు. ఆమె కూడా మోకాళ్ళ మీద కూర్చుని చేపల జల్లెడతో ఇసుక జల్లించసాగింది. నడుము విరిగిపోతోంది. ఇక వంగలేక కూలబడి, కూర్చున్నచోటే దేకుతూ తవ్వాను.

“వచ్చినాడు!”

జల్లెడ విసిరేసి పరిగెత్తింది. పడవ ఇసుకను తాకింది. దారిలో ఇంజను మొరాయించిందట. అతను నీళ్ళలోకి దూకగానే, ఒడ్డు ఒడ్డంతా వినేటట్టు అరిచింది: “ఇదిగో, నా పుస్తె ఒకటి పోయింది! పొద్దున్నించీ వెతకతానే ఉండాం!”

“పోతే పోయిందిలే మే, ముందు తాడు పట్టుకో!”

పడవ లాగడం అయ్యాక నా దగ్గరికి వచ్చింది. కొంగు భుజం మీదుంది. చేతులు నడుము మీదున్నాయి.

“రేపు గూడా రా అన్నా. బంగారం యాడికి పోద్ది, ఇసకలోనే ఉంటాది.”

“వస్తాలే. మరి నా వంజరం?”

“వంజరమా! అది అప్పటి మాట. దొరికితే రెండు కానాగంతలు ఇస్తా, కూరొండుకో.”

పొద్దున బేరమాడకుండానే పెద్ద వంజరం ఇస్తానన్న మనిషి ఇప్పుడు అరచేతిలో పట్టే చేపల దగ్గర నిలబడింది. ఇలాంటప్పుడు లేచి వెళ్ళిపోతున్నట్టు నటించాలని మా నాన్న చెప్పేవాడు. నాలుగడుగులు వేస్తే చాలు, వెనక్కి పిలుస్తారు.

లేవడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు.

“సరేలే అక్కా” అన్నాను.