గిన్నెలో మిగిలిన గుక్క

ఆ ఆదివారం ఎప్పటిలాగే నేను పాట ఎత్తాను. రెండో చరణం దగ్గర గొంతు పట్టేసింది. దగ్గు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ పక్కకి వెళ్ళి కూర్చున్నాను. ఆరాధన అయ్యాక చూస్తే కొంగు అంచున ఎర్రటి మరక. వక్కాకు వేసుకునే అలవాటు నాకు లేదు. మరి ఈ ఎరుపు ఎక్కడిది?

మాది దివిసీమలో నాగాయలంక దగ్గర చిన్న ఊరు. ఉప్పెన వచ్చి వెళ్ళిన మరుసటి ఏడు అది. చర్చి పైకప్పు ఎగిరిపోతే మిగిలిన గోడల మీద తాటాకు కప్పుకుని ఆరాధన చేసుకుంటున్నాం. హార్మోనియం కూడా నీళ్ళలో కొట్టుకుపోయింది కాబట్టి పాటకి ఆధారం నా గొంతే. మా పాస్టరు అయ్యగారికి ఆ వరం బొత్తిగా లేదు. ఆయన పాట అందుకుంటే పిల్లలు నవ్వేవాళ్ళు, ప్రసంగం మొదలుపెడితే పెద్దవాళ్ళు కునికేవాళ్ళు. నేనూ కునికేదాన్నే, అబద్ధమెందుకు!

చిన్నప్పటి నుంచీ విశ్వాసంలో నాకు ఆదర్శం అంటే పెద్ద పెద్ద వాళ్ళే. సముద్రం దాటి వచ్చి మన రోగులకి సేవ చేసిన దొరసాని డాక్టర్లు, మైకు పట్టుకుంటే పందిరంతా కన్నీళ్ళు పెట్టించే ప్రసంగీకులు. రోజూ చూసే అయ్యగారు, మాసిన లాల్చీ, ఒక కాడ విరిగిన కళ్ళజోడు, ఆయన్ని ఆ వరసలో ఎవరు నిలబెడతారు?

మొదట్లో ఊళ్ళో కాంపౌండరు దగ్గు మందు సీసాలిచ్చాడు. పడిసెం దగ్గేనన్నాడు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది, తెల్లారేసరికి జాకెట్టు చెమటకి తడిసిపోయేది. ఆ జాకెట్లే వదులైపోయాయి. "ఇంక ఈ సీసాలు చాలు, బందరు పోదాం పద" అని మా ఆయన బస్సెక్కించారు.

బందరులో మేం చూపించుకున్న డాక్టరు గారు ముస్లిం. గోడ మీద ఉర్దూ అక్షరాల అద్దం పటం, దాని కింద ఎక్స్‌రే చూసే లైటు పెట్టె. నా ఎక్స్‌రే అందులో పెట్టి వేలితో చూపించారు.

"కుడి లంగ్‌లో పైన షాడో ఉందమ్మా. స్ప్యూటమ్ పాజిటివ్, అంటే కఫంలో క్రిములున్నాయి. టి.బి."

నాకు ఏడుపొచ్చేసింది. నాకేమవుతుందో అని కాదు, ఇంటి దగ్గర ఇద్దరు చిన్నపిల్లలు.

"ఏడవకు. ఇప్పుడు మందులున్నాయి. కానీ కోర్సు ఏడాదిన్నర. బాగుంది కదా అని మధ్యలో మానావో, తర్వాత నేను కూడా ఏం చెయ్యలేను" అన్నారు.

రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్, ఐ.ఎన్.హెచ్. ట్యాబ్లెట్లు. ఇంజెక్షన్ మా కాంపౌండరే చేసేవాడు. పొడిచిన చోట పొడవకుండా పొడవడానికి చోటు మిగల్లేదు. ఇంట్లో మా అత్తగారు నాకు కంచం, గ్లాసు వేరు పెట్టింది. కలిసిపోకుండా సత్తు గ్లాసు అంచున మేకుతో గీత గీసింది. పిల్లల్ని తన పక్కలోకి తీసుకుంది. ఆవిడని తప్పు పట్టను. ఆవిడ సొంత చెల్లెలు మందుల్లేని కాలంలో ఈ జబ్బుతోనే పోయింది. కానీ ఆ గీత చూసినప్పుడల్లా అన్నం గొంతు దిగేది కాదు.

జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది. కానీ చెవుల్లో రొద మొదలైంది. ఇంజెక్షన్ వల్ల అలా అవుతుందని తర్వాత తెలిసింది. పాట ఎత్తితే శ్రుతి నాకే అందడం లేదు. ఊపిరితిత్తి బాగుపడి చెవి పోతే ఇంక నేనెందుకు అని లోపల కుమిలిపోయాను.

అప్పుడు గుడివాడలో మా అక్క వాళ్ళ పేటలో పందిరి వేసి ప్రార్థన కూటాలు పెట్టారు. నేను చిన్నప్పటి నుంచీ ఆరాధించిన ప్రసంగీకుడు వచ్చారు. ఏం వాక్యం! ఏం కంఠం! రోగుల కోసం ప్రార్థన చేసి, స్వస్థత పొందినవాళ్ళు వేదిక మీదకి వచ్చి సాక్ష్యం చెప్పమన్నారు. దగ్గు లేదు, జ్వరం లేదు, ఒళ్ళంతా పులకరించిపోతోంది. లేచి వెళ్ళాను. మైకులో "నా దేవుడు నా టి.బి.ని ముట్టి బాగుచేశాడు" అన్నాను. పందిరంతా హల్లెలూయ!

మర్నాడు పొద్దున ట్యాబ్లెట్లు చేతిలో పోసుకుని నిలబడిపోయాను. అంతమంది ముందు బాగైపోయిందని చెప్పి ఇప్పుడు ఇది మింగితే నా సాక్ష్యం ఏమైనట్టు? మాలో సాక్ష్యం చెప్పినవాళ్ళు దాన్ని వెనక్కి తీసుకోవడం ఎక్కడా చూడలేదు. మందులు మానమని ఆ ప్రసంగీకుడు అననే లేదు. నాకు నేనే అనుకుని వాటిని పెట్టె అడుక్కి తోసేశాను.

మా ఆయన చూశారు. "డాక్టరు గారిని ఓ మాట అడిగొద్దామే" అన్నారు.

"మీకు విశ్వాసం లేకపోతే ఊరుకోండి, నాది పాడుచెయ్యకండి" అని కసిరాను.

వానలు పట్టాక ఒకరోజు వంటింట్లో దగ్గు వచ్చింది. ఈసారి మరక కాదు, దోసిలి నిండింది. మా అత్తగారు గుండెలు బాదుకుంది. మళ్ళీ బందరు.

డాక్టరు గారు ఎక్స్‌రే చూసి నా వైపు చూశారు. "మానేశావు కదూ?"

తలొంచుకుని గుడివాడ సంగతంతా చెప్పాను. నవ్వుతారేమో అనుకున్నాను, నవ్వలేదు.

"నేనూ నమాజు చేసుకునే ఈ కుర్చీలో కూర్చుంటానమ్మా. ప్రార్థన చేసినవాళ్ళు మందు మింగకూడదని నాకెవరూ చెప్పలేదు." చీటీ రాస్తూ అన్నారు, "మళ్ళీ పాజిటివ్. రెసిస్టెన్స్ వచ్చి పాత మందు పనిచెయ్యదేమో ఇప్పుడే చెప్పలేను. వచ్చిందంటే కష్టం. రాలేదనుకుని మందు వేసుకుంటూ పోవాలి." కొత్త ట్యాబ్లెట్లు రాశారు. చెవి రొద చెబితే ఇంజెక్షన్ డోసు తగ్గించి, రోజు విడిచి రోజు చేశారు. ఆ ముక్క నేను మొదట్లోనే చెప్పి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి మంచం ఎక్కాను. దేవుడి మీద కోపం, ప్రసంగీకుడి మీద కోపం, అందరికంటే నా నోటి మీద కోపం. ఏ మొహంతో చర్చికి పోను? కొత్త ట్యాబ్లెట్లకి కడుపులో తిప్పేది. సగం రోజులు వాంతి వస్తుందన్న వంక పెట్టి వేసుకునేదాన్ని కాదు. పోతే పోయాననే మొండితనం.

అయ్యగారు వచ్చి నులకమంచం మీద కూర్చున్నారు. గుడివాడ ఊసే ఎత్తలేదు. మజ్జిగ తాగారు, వానల గురించి మాట్లాడారు, లేవబోతూ అన్నారు.

"వచ్చే ఆదివారం సంస్కారం ఉందమ్మాయ్. రా."

"నేను తాగిన గిన్నెలో ఎవరు తాగుతారండీ? మా ఇంట్లోనే నా గ్లాసు ముట్టుకోరు."

మా అత్తగారు గుమ్మంలో నిలబడి వింటూనే ఉంది.

"అయితే అందరూ అయ్యాక చివర్లో రా. నీ తర్వాత ఎవరూ ఉండరు."

సంస్కారం అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ప్రభువు బల్ల దగ్గర వరసగా మోకరిస్తే అయ్యగారు రొట్టె ముక్క ఇచ్చి, ద్రాక్షరసం గిన్నె పెదాలకి అందిస్తారు. అందరికీ అదే గిన్నె. ఒక్కొక్కరు తాగాక అంచు తెల్లగుడ్డతో తుడిచి పక్కవాళ్ళకి ఇస్తారు.

చివరిదాన్నై మోకరించాను. తాగాను. నా తర్వాత ఎవరూ లేరు కదా అని హాయిగా చాపమీదకొచ్చి కూర్చుని తలెత్తాను. అయ్యగారు గిన్నెలో మిగిలింది తాగారు. కాసిని నీళ్ళు పోసి, గిన్నె గుండ్రంగా తిప్పి, ఆ నీళ్ళు కూడా తాగేశారు.

అయ్యో దేవుడా! పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదే. మిగిలింది పారబోయకూడదు, అయ్యగారే పూర్తి చెయ్యాలి, అది పద్ధతి. కానీ ఆ చివరి గుక్క ఎవరి నోటి వెనకదో ఏనాడూ ఆలోచించలేదు.

ఆరాధన అయ్యీ అవగానే వెనక గదిలోకి పరిగెత్తాను. ఆయన గుడ్డ మడతపెడుతున్నారు.

"తెలిసే తాగారా అయ్యగారూ?"

"ఏంటమ్మాయ్?"

"నా ఎంగిలి! నాకు పాజిటివ్ అని తెలిసి కూడా!"

"మిగిలింది నేనే తాగాలి కదమ్మా" అన్నారు. ఏదో బియ్యం కడిగిన మాట చెప్పినట్టు చెప్పారు.

"మీకు అంటుకుంటే?"

"అంటుకుంటే దగ్గుతాను. ప్రసంగం మధ్యలో దగ్గితే కునికేవాళ్ళు లేస్తారులే."

నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. "ఇంక నేను బల్ల దగ్గరికి రాను" అన్నాను.

అప్పుడు మాత్రం ఆయన గొంతు మారింది. "నువ్వు రాకుండా మానడం కాదు చెయ్యాల్సింది. నీకు నా మీద అంత బెంగగా ఉంటే మందులు మింగు. నువ్వెలా ఉంటే ఆ గిన్నె అలా ఉంటుంది. వచ్చే నెలా నేనే తాగాలి."

ఆ మాటతో నా మొండితనం దిగింది. నా ప్రాణం నేను వదులుకోగలను, ఆ ముసలాయన ప్రాణం నా చేతుల్లో పెడితే ఏం చెయ్యను? ట్యాబ్లెట్ చూస్తే డోకు వచ్చేది. గిన్నె గుండ్రంగా తిప్పే ఆ చెయ్యి గుర్తొచ్చేది. మింగేదాన్ని. వాంతి అయితే కాసేపాగి డాక్టరు గారు చెప్పినట్టు ఇంత గంజి తాగి మళ్ళీ మింగేదాన్ని. ప్రతి సంస్కారానికీ చివర్లో మోకరించడం, ఆయన పూర్తి చెయ్యడం, నేను కళ్ళు మూసుకోవడం.

భయం తట్టుకోలేక ఒకసారి అయ్యగారిని కూడా బందరు లాక్కెళ్ళి ఎక్స్‌రే తీయించాను. అంతా క్లియర్. జరిగింది చెబితే డాక్టరు గారు ముందు నన్నే తిట్టారు.

"గ్లాసుల వల్ల, గిన్నెల వల్ల వచ్చే జబ్బు కాదమ్మా ఇది. దగ్గితే గాల్లోంచి వస్తుంది. నువ్వు గుడ్డ అడ్డం పెట్టుకోకుండా ఆయన మొహం మీద దగ్గావా, అది చెప్పు!" తర్వాత అయ్యగారి వైపు తిరిగి, "మీకు ఈ సంగతి ముందే తెలుసా?" అన్నారు.

"తెలియదండీ" అన్నారు అయ్యగారు.

డాక్టరు గారు చీటీలు సర్దుకుని, టీ తెప్పించి ఇచ్చారు.

బస్సులో నాకు అదే ఆలోచన. గిన్నెతో ప్రమాదం లేదని ఇప్పుడు తెలిసింది. కానీ ఆయన తాగినప్పుడు ప్రమాదం ఉందనే అనుకున్నారు. ఉందనుకునే ప్రతి నెలా తాగారు. గుడివాడ ప్రసంగీకుడి మీద నాకిప్పుడు కోపం లేదు, ఆయన వాక్యం ఇప్పటికీ వింటాను. కానీ విశ్వాసం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నాకు మైకు గుర్తురాదు. పక్క సీట్లో నోరు తెరుచుకుని గురకపెడుతున్న ఈ మనిషే గుర్తొస్తారు.

మందులు పనిచేశాయి. స్ప్యూటమ్ నెగెటివ్ వచ్చింది, మళ్ళీ చేస్తే మళ్ళీ నెగెటివ్. "ఇంక నీ వల్ల ఎవరికీ రాదు. కానీ కోర్సు మాత్రం చివరిదాకా" అన్నారు డాక్టరు గారు.

తర్వాతి సంస్కారానికి అలవాటుగా వెనక కూర్చున్నాను. అయ్యగారు బల్ల దగ్గర నిలబడి, "మార్తమ్మా, ఇవాళ ముందు నువ్వు రా" అన్నారు.

నేను ముందు తాగితే నా తర్వాత అందరూ తాగాలి. లేచి వెళ్ళి మోకరించాను. నా పక్కన ఖాళీ. ఎవరూ కదలడం లేదు. నాకు వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. ఇంతలో కీళ్ళ నొప్పుల మూలుగు, చీర గరగర. మా అత్తగారు వచ్చి నా పక్కన కూలబడింది.

అయ్యగారు నాకు గిన్నె అందించారు. తాగాను. ఆయన గుడ్డతో అంచు తుడవబోయారు.

"తుడవద్దులెండి అయ్యగారూ. నా కోడలేగా" అంది మా అత్తగారు. గిన్నె పట్టుకుని తాగింది.

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ తర్వాత వరసలో ఎవరెవరు వచ్చారో నాకు కనిపించలేదు.

ఇప్పుడు బాగున్నాను. పిల్లలు మళ్ళీ నా పక్కలోకి వచ్చేశారు. ఎడమ చెవిలో రొద పూర్తిగా పోలేదు. పాట కొంచెం కింది శ్రుతిలో ఎత్తుతాను, అయ్యగారు ఇంకా కిందికి లాగేస్తారు. గీత పెట్టిన గ్లాసులో ఇప్పుడు మా అత్తగారు కాఫీ తాగుతోంది.

ఈ జబ్బున్నవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ప్రార్థన చెయ్యండి, చేయించుకోండి. బాగయ్యామని సాక్ష్యం చెప్పాలనిపిస్తే తప్పకుండా చెప్పండి. కానీ చివరి ట్యాబ్లెట్ మింగాక చెప్పండి. నేను ఇవాళ పొద్దున్నే ఆ చివరిది మింగి, ఇది రాయడానికి కూర్చున్నాను.